ఒకే అక్షరాల వరుస ఉన్న ఇంగ్లిష్ పదాలు: జాబితా ఎలా తయారు చేసుకోవాలి, ఆటలో ఎలా వాడాలి?

"ఓ-యు-జి-హెచ్ వచ్చే పదాలన్నీ ఒకచోట పెట్టరా?" "ఐ-జి-హెచ్-టితో ముగిసేవి ఎన్ని?" "క్యూ తర్వాత యు రాని పదాల లిస్ట్ ఉందా?" వర్డ్ గేమ్స్ ఆడేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఇవే. లిస్ట్ ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. కానీ ఎవరో ఇచ్చిన లిస్ట్‌ను ఒకసారి చదివి పక్కన పెడితే, ఆటలో గడియారం పరుగెడుతున్నప్పుడు అందులో ఒక్క పదం కూడా గుర్తుకు రాదు. మీరే వడపోసి, ముక్కలు చేసి, చూడకుండా రాసి దిద్దుకున్న లిస్టే పనికొస్తుంది. అందుకని ఇక్కడ లిస్టుల కంటే వాటిని తయారు చేసుకునే పద్ధతికే ఎక్కువ చోటిచ్చాను.

చదివే ముందు ఒక మాట. అక్షరాలను విడిగా చెప్పాల్సినచోట ఐ-ఎన్-జి అని మధ్యలో గీతలు పెట్టాను. పూర్తి పదాలను మాత్రం పలికినట్టే తెలుగులో రాశాను. పదం కనబడగానే దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను మనసులో రాసుకుంటూ చదవండి. అది కూడా ప్రాక్టీసే.

కావలసినవి

- మీ ఆట ఏ నిఘంటువును ఒప్పుకుంటుందన్న సమాచారం. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలు, అంటే టైల్స్, బోర్డు మీద పేర్చి పదాలు కట్టే ఆట) టోర్నమెంట్లకు అమెరికా, కెనడాల్లో ఎన్‌డబ్ల్యుఎల్ జాబితా, మిగతా చాలా దేశాల్లో కాలిన్స్ జాబితా వాడతారు. రెండూ ఒకటి కావు. రెండక్షరాల పదాలు 2018 ఎన్‌డబ్ల్యుఎల్ కూర్పులో 107, 2019 కాలిన్స్ కూర్పులో 127. సి-హెచ్, జెడ్-ఓ, ఓ-యు కాలిన్స్‌లో చెల్లుతాయి, ఎన్‌డబ్ల్యుఎల్‌లో చెల్లవు.
- వరుసకొక పదం ఉన్న టెక్స్ట్ ఫైలు. ఎనేబుల్ అనే జాబితా పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అందులో సుమారు 1,72,000 పదాలు ఉంటాయి. నేర్చుకోవడానికి అది చాలు.
- ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్. ఎక్సెల్ ఒక షీట్‌లో 10,48,576 వరుసలు పడతాయి కాబట్టి జాబితా మొత్తం హాయిగా సరిపోతుంది.
- కాగితం, పెన్ను, ఫోన్‌లో టైమర్.

అక్షరాలు ఇస్తే పదాలు చూపించే సాల్వర్ యాప్‌లు చాలా ఉన్నాయి. ఆట అయిపోయాక ఏం మిస్సయ్యారో చూసుకోవడానికి అవి మంచివే. నేర్చుకునేటప్పుడు మాత్రం దూరంగా పెట్టండి. జవాబు ముందే కనబడితే వెతికే అలవాటు రాదు.

1. మీ ఆటలో 'వరుస' అంటే ఏమిటో తేల్చుకోండి

చాలామంది తడబడేది ఇక్కడే. ఎస్, టి, ఎన్ అనే మూడు అక్షరాలు తీసుకోండి. వీటితో మూడు రకాల ప్రశ్నలు రావచ్చు.

మొదటిది, మూడూ అదే క్రమంలో పక్కపక్కనే ఉండాలి. చెస్ట్‌నట్ సరిపోతుంది, పోస్ట్‌నేటల్ కూడా. రెండోది, క్రమం అదే కానీ మధ్యలో వేరే అక్షరాలు రావచ్చు. అప్పుడు స్టోన్ కూడా చెల్లుతుంది. కారు నంబర్ ప్లేట్ మీది అక్షరాలతో ఆడే ఆట మామూలుగా ఇలాగే ఉంటుంది. మూడోది, అక్షరాలుంటే చాలు, క్రమంతో పనిలేదు. అప్పుడు నెస్ట్ కూడా ఓకే.

బాంబ్ పార్టీ మొదటి రకం. తెర మీద రెండు మూడు అక్షరాలు పడతాయి, అవి విడిపోకుండా ఉన్న పదాన్ని టైము అయ్యేలోపు టైప్ చేయాలి. న్యూయార్క్ టైమ్స్ వాళ్ల స్పెల్లింగ్ బీ ఆటలో ఏడు అక్షరాలిస్తారు. నడిమి అక్షరం తప్పనిసరి, నాలుగక్షరాల కంటే చిన్న పదం చెల్లదు, ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. అంటే అది మూడో రకం. బోగుల్‌లో 16 పాచికలుంటాయి, అక్షరాలు గడుల్లో ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, అక్కడ క్యూ ఉన్న ముఖం మీదే యు కూడా ఉంటుంది. ఇక్కడ చెప్పే పద్ధతి మొదటి రకానికి నేరుగా పనికొస్తుంది. మిగతా రెండింటిలో పదాలను తొందరగా గుర్తుపట్టడానికి సాయపడుతుంది.

2. ఏ వరుసతో మొదలుపెట్టాలి?

ఐ-ఎన్-జితోనో, టి-ఐ-ఓ-ఎన్‌తోనో మొదలుపెట్టకండి. ఆ పదాలు వేలల్లో వస్తాయి, వాటిని ఎవరూ కంఠస్థం చేయలేరు, చేయనక్కర్లేదు కూడా. అలాంటి పదాలు ఎలాగూ తడతాయి. పది నుంచి అరవై పదాల మధ్య వచ్చే వరుసే అసలు మేత. అందులోనూ మీ ఆటను బట్టి:

- వర్డిల్ (దాచిన ఐదక్షరాల పదాన్ని ఆరు ఛాన్సుల్లో కనిపెట్టే ఆట) ఆడేవాళ్లకు పదం చివరి నాలుగక్షరాలు: ఐ-జి-హెచ్-టి, ఓ-యు-ఎన్-డి, ఎ-టి-సి-హెచ్.
- బాంబ్ పార్టీ ఆడేవాళ్లకు మధ్యలో వచ్చే ఇబ్బందికరమైన జతలు: సి-క్యూ, ఎమ్-ఎన్, హెచ్-హెచ్, పి-బి.
- స్క్రాబుల్‌కు ఎక్కువ పాయింట్ల అక్షరాలున్న వరుసలు. క్యూ, జెడ్‌లకు 10 చొప్పున, జె, ఎక్స్‌లకు 8 చొప్పున పాయింట్లు. ఇవి నాలుగూ సెట్‌లో ఒక్కొక్కటే ఉంటాయి.

ఐ-ఎన్-జి గురించి స్క్రాబుల్ ఆడేవాళ్లకు విడిగా ఒక హెచ్చరిక. ఏడు టైల్స్‌లో ఆ మూడూ వచ్చాయంటే వదలబుద్ధి కాదు. ఏడూ ఒకేసారి వేస్తే వచ్చే 50 పాయింట్ల బోనస్ కళ్లముందు ఆడుతుంది. మిగతా నాలుగు అక్షరాలతో క్రియ కుదరకపోయినా, వస్తుందేమోనని రెండు మూడు టర్నులు చిన్న చిన్న పదాలతో లాగిస్తారు. ఆ లోపు అవతలివాళ్లు స్కోరులో ముందుకు వెళ్లిపోతారు. మొత్తం 100 టైల్స్‌లో జి మూడే, అది విలువైనదే. అయినా ఒక టర్ను దాటి దాన్ని పట్టుకుని కూర్చోకండి.

3. ఫైలులోంచి వడపోయండి

ఎక్సెల్‌లో పదాలు పేస్ట్ చేసే ముందు ఆ కాలమ్ ఫార్మాట్‌ను 'టెక్స్ట్'గా మార్చండి. మార్చకపోతే ట్రూ, ఫాల్స్ అనే రెండు పదాలను ఎక్సెల్ పదాలుగా కాక తర్కపు విలువలుగా తీసుకుంటుంది. అప్పుడు ఆర్-యు-ఇ కోసం వెతికితే ట్రూ దొరకదు. చిన్న విషయమే, కానీ ఫైలే తప్పేమోనని అనుమానం వచ్చి టైము వృథా అవుతుంది.

పై గడిలో ఏదైనా శీర్షిక పెట్టి ఫిల్టర్ ఆన్ చేయండి. 'టెక్స్ట్ ఫిల్టర్స్'లో మీకు కావాల్సినవి మూడే: 'బిగిన్స్ విత్', 'కంటెయిన్స్', 'ఎండ్స్ విత్'. ఒకే వరుసను ఈ మూడింటిలోనూ విడివిడిగా వెతకండి. కచ్చితంగా ఐదక్షరాల పదాలే కావాలంటే 'ఈక్వల్స్' ఎంచుకుని, తెలియని అక్షరం చోట ప్రశ్నార్థకం పెట్టండి. ఒక ప్రశ్నార్థకం అంటే ఒక అక్షరం. ప్రశ్నార్థకం తర్వాత ఐ-జి-హెచ్-టి రాస్తే లైట్, నైట్ కుటుంబం మాత్రమే మిగులుతుంది.

'ఎండ్స్ విత్' పెడితే ఒక్కటీ రావడం లేదా? నూటికి తొంభై సార్లు పదం చివర కనబడని ఖాళీ ఉంటుంది. ట్రిమ్ ఫంక్షన్‌తో ఆ ఖాళీలు తీసేసి మళ్లీ చూడండి.

వడపోత సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి, ఆ వరుస ఉన్నట్టు మీకు ముందే తెలిసిన మూడు పదాలు తీసుకోండి. ఒకటి దానితో మొదలయ్యేది, ఒకటి మధ్యలో ఉన్నది, ఒకటి చివర ఉన్నది. మూడూ ఫలితాల్లో ఉంటే సరే. జి-హెచ్ అయితే ఘోస్ట్, స్పగెట్టి, లాఫ్ చూడండి. ఏ ఒక్కటి లేకపోయినా ముందుకు వెళ్లకండి.

కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో టెక్స్ట్ ఎడిటర్ తెరిచి 'ఫైండ్' వాడొచ్చు. నెమ్మదిగా సాగుతుంది, అంతే. లినక్స్ తెలిసినవాళ్లకు గ్రెప్ అనే కమాండ్ ఒక్కటి చాలు, వాళ్లకు ఈ అంచె అక్కర్లేదు.

4. జాబితాను ముక్కలు చేయండి

అక్షరక్రమంలో ఉన్న యాభై పదాలను అలాగే చదివితే తలకెక్కవు. ముందు వరుస ఎక్కడ ఉందో చూసి విడదీయండి, తర్వాత దాని వెనక ఏ అక్షరం వస్తుందో చూసి మళ్లీ విడదీయండి. ఓ-యు-జి-హెచ్ తీసుకుని చేసి చూద్దాం. అన్నిటికంటే ఎక్కువ మంది అడిగేది, అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఇదే.

వరుసతోనే ముగిసేవి: బౌ, కాఫ్, డో, రఫ్, టఫ్, దో, త్రూ, ట్రాఫ్, ఇనఫ్, ప్లౌ, బరో, థరో, ఆల్‌దో. వీటిని పలికి చూడండి, చివరి నాలుగక్షరాలు ఒక్కటే అని చెవి ఒప్పుకోదు. కాఫ్‌కూ రఫ్‌కూ అచ్చు వేరు, త్రూకూ దోకూ పోలికే లేదు. అందుకే ఈ గుంపును ధ్వనిని బట్టి కాక, ముందున్న అక్షరాన్ని బట్టి గుర్తుపెట్టుకోవాలి: బి, సి, డి, ఆర్, టి. ఈ అయిదింటిలో ఏది ముందు పెట్టినా అయిదక్షరాల మామూలు పదమే వస్తుంది. టి-హెచ్, టి-హెచ్-ఆర్, టి-ఆర్, పి-ఎల్ పెడితే ఆరు, ఏడు అక్షరాలవి. ఎల్, ఎస్ పెట్టినా స్క్రాబుల్‌లో చెల్లే పదాలే, కాకపోతే మామూలు వాడుకలో కనబడవు.

వెనక టి వచ్చేవి: ఆట్, బాట్, బ్రాట్, ఫాట్, నాట్, సాట్, థాట్, రాట్, డ్రౌట్. చివరిది తప్ప అన్నీ ఒకేలా పలుకుతాయి, డ్రౌట్ ఒక్కటే దారి తప్పింది. ఇక రాట్‌కు మొదట్లో పలకని డబ్ల్యు ఉందని మరిచిపోకండి.

వెనక ఇంకేదైనా వచ్చేవి: డోనట్, టఫెన్, రఫేజ్, ప్లౌమన్. ఈ ముక్కే అందరూ వదిలేస్తారు. బాంబ్ పార్టీలో కాపాడేది మాత్రం ఇదే, ఎందుకంటే ఒకసారి వాడిన పదం ఆ ఆటలో మళ్లీ చెల్లదు. అందరూ టఫ్, రఫ్, థాట్ వాడేశాక రఫేజ్ చేతిలో ఉండాలి.

ఈ జాబితా పక్కనే ఎ-యు-జి-హెచ్-టి జాబితా కూడా పెట్టుకోండి. కాట్, టాట్, ఫ్రాట్, డాటర్, స్లాటర్, నాటీ, హాటీ, ఆన్‌స్లాట్, డిస్ట్రాట్. ఫాట్‌లో ఓ, టాట్‌లో ఎ. చెవికి తేడా తెలియదు కాబట్టి కంటితోనే నేర్చుకోవాలి. రెండు నిలువు వరుసలుగా కాగితం మీద రాస్తే తేడా గట్టిగా నాటుకుంటుంది.

5. కాగితం లేనప్పుడు మనసులో వెతకడం

ఆటలో జాబితా ఉండదు. వరుస తెర మీద పడగానే బుర్ర మొద్దుబారుతుంది, టెన్షన్‌లో తెలిసిన పదం కూడా రాదు. అప్పుడు చేయాల్సినవి ఈ క్రమంలో చేయండి.

ఒకటి, వరుసకు ముందు ఒక్కో హల్లు పెట్టి చూడండి. బి నుంచి జెడ్ దాకా వేగంగా. తర్వాత జంట హల్లులు: బి-ఆర్, సి-ఎల్, ఎస్-టి, టి-హెచ్.

రెండు, ముందు అచ్చు పెట్టండి. ఎమ్-పి-టి వస్తే నోరు తిరగదు, ముందు ఇ పెట్టగానే ఎంప్టీ, అటెంప్ట్, ఎగ్జెంప్ట్ వస్తాయి. ఓ పెడితే ప్రాంప్ట్. వై పెడితే సింప్టమ్. ఎన్-క్యూ అంటే వెనక యు దాదాపు ఖాయం, ముందు ఎ, ఐ, ఓ మార్చి చూడండి: బాంక్వెట్, ఇంక్వైర్, కాంకర్. సి-క్యూ పడితే ముందు ఎ పెట్టండి, దాదాపు ఎప్పుడూ అదే: ఎక్వైర్, అక్విట్, అక్వెయింట్. టెన్నిస్ రాకెట్‌ను క్యూతో రాసే స్పెల్లింగ్ కూడా ఇందులోదే.

మూడు, ఇది చాలామందికి తట్టదు కానీ నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే. వరుసను మధ్యకు విరగ్గొట్టండి. సగం ఒక మాట చివర, సగం ఇంకో మాట మొదట ఉందనుకోండి. ఇంగ్లిష్‌లో రెండు మాటలు అతుక్కున్న పదాలకు కొదవ లేదు.

- పి-హెచ్ అనగానే అందరూ ఫోన్, గ్రాఫ్ అంటారు. విరగ్గొడితే అప్‌హిల్, లూప్‌హోల్, హాప్‌హజార్డ్, షెపర్డ్.
- ఎస్-హెచ్: మిస్‌హాప్, డిజానెస్ట్, గ్రాస్‌హాపర్.
- టి-హెచ్: పాట్‌హోల్, హాట్‌హెడ్, స్వీట్‌హార్ట్, లైట్‌హౌస్.
- జి-హెచ్: ఫాగ్‌హార్న్, డాగ్‌హౌస్, ఎగ్‌హెడ్.
- హెచ్-హెచ్: విత్‌హోల్డ్, హిచ్‌హైకర్, ఫిష్‌హుక్, బాత్‌హౌస్.
- కె-కె: బుక్‌కీపర్, నిక్‌నాక్. చివరిదానికి లోపల రెండు చోట్ల కె పలకదు, స్పెల్లింగ్ చూసుకోండి.
- పి-బి: కప్‌బోర్డ్, క్లిప్‌బోర్డ్, రాస్ప్‌బెర్రీ.
- డి-డబ్ల్యు: హార్డ్‌వేర్, మిడ్‌వైఫ్, శాండ్‌విచ్.

మూడక్షరాల వరుస మరీ వింతగా ఉందంటే చాలాసార్లు ఇలాంటి అతుకే. డబ్ల్యు-కె-డబ్ల్యు పడితే ఆక్‌వర్డ్ తప్ప మామూలు పదం ఇంకోటి గుర్తుకు రావడం కష్టం. అలాంటివాటికి ఒక్క పదం పెట్టుకుని వదిలేయండి. పి-హెచ్-టి-హెచ్ మాత్రం అతుకు కాదు, గ్రీకు నుంచి వచ్చింది: డిఫ్తాంగ్, నాఫ్తా, డిఫ్తీరియా, ఆఫ్తాల్మిక్. ఇవి చాలామంది మధ్యలో ఒక హెచ్ మింగేసి రాస్తారు, ఆట కూడా ఒప్పుకోదు.

నాలుగు, వెనక ఇ-డి, ఇ-ఆర్, ఐ-ఎన్-జి, ఎల్-వై తగిలించండి. ఇది చివరి మార్గం. ముందే దీనికి దిగితే లేని పదాలు పుట్టుకొస్తాయి.

6. వర్డిల్‌లో ఒకే తోక ఉన్న పదాల గొయ్యి

వర్డిల్‌లో సరైన చోట పడిన అక్షరం ఆకుపచ్చగా, పదంలో ఉన్నా చోటు తప్పినది పసుపుగా వెలుగుతుంది. నాలుగక్షరాలు ఆకుపచ్చగా మారాయి, మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. సంబరపడాల్సిన సమయం అనిపిస్తుంది, నిజానికి ఎక్కువ ఆటలు పోయేది ఇక్కడే. ఐ-జి-హెచ్-టికి ముందు ఇ, ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఆర్, ఎస్, టి అన్నీ వస్తాయి. మామూలు పదాలే ఎనిమిది. మొత్తం ఆరు ఛాన్సుల్లో ఇప్పటికే రెండు అయిపోయాయి. ఒక్కోటీ ప్రయత్నిస్తూ పోతే అదృష్టం మీద ఆధారపడ్డట్టే.

ఇలా చేయండి. తోకను వదిలేసి, మిగిలిన మొదటి అక్షరాలను ఒకేసారి పరీక్షించే పదం వేయండి. ఈ గుంపుకు ఫిల్మ్స్ బాగా పనిచేస్తుంది, ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ అందులో ఉన్నాయి. వాటిలో ఏది వెలిగితే అదే జవాబు. ఏదీ వెలగకపోతే మిగిలేవి ఎయిట్, నైట్, రైట్, టైట్. అప్పుడు ట్రెండ్ వేయండి. ఆర్ వెలిగితే రైట్, ఇ వెలిగితే ఎయిట్, ఎన్ వెలిగితే నైట్. టి విషయం జాగ్రత్త: ఈ గుంపులో ప్రతి పదం చివరా టి ఉంది కాబట్టి అది ఎలాగూ పసుపు రంగులో వస్తుంది. ఆకుపచ్చగా వస్తేనే టైట్. అంటే రెండు పదాలతో ఎనిమిదింటిలో ఏదో తేలిపోతుంది, మూడో దానికి జవాబు రాస్తారు.

ఓ-యు-ఎన్-డికి కూడా ఇదే: బౌండ్, ఫౌండ్, హౌండ్, మౌండ్, పౌండ్, రౌండ్, సౌండ్, వూండ్. ముందు ఫ్రెష్, తర్వాత బ్లింప్. ఫ్రెష్‌లో ఎఫ్, ఆర్, ఎస్, హెచ్, బ్లింప్‌లో బి, ఎమ్, పి. రెండింటిలో ఏదీ వెలగకపోతే డబ్ల్యు ఉన్నదే. ఎ-టి-సి-హెచ్‌కు ఇలాంటి జంటను మీరే తయారు చేసుకోండి. మొదటిదానికి క్లాంప్ ప్రయత్నించండి, సి ఏ రంగులో వస్తుందో మాత్రం గమనించండి.

హార్డ్ మోడ్‌లో ఈ ఉపాయం కుదరదు, వెలిగిన అక్షరాలను మళ్లీ వాడితీరాలి. హార్డ్ మోడ్ ఆడేవాళ్లు రెండో ఛాన్సులోనే ఇలాంటి తోకను పచ్చగా చేసుకునే పదాలకు తొందరపడకపోవడం మంచిది. ముందు హల్లులు ఎక్కువ ఉన్న వేరే పదంతో జల్లెడ పట్టి, తోకను తర్వాతకు ఉంచుకోండి.

7. స్క్రాబుల్‌కు: ముందు ఏమొస్తుంది, వెనక ఏమొస్తుంది

ఇక్కడ వరుసే ఒక పదమైతే లాభం ఎక్కువ. బోర్డు మీద ఇయర్ ఉందనుకోండి, చెవి అర్థంలో ఇ-ఎ-ఆర్. ముందు బి, డి, ఎఫ్, జి, హెచ్, ఎన్, పి, ఆర్, ఎస్, టి, డబ్ల్యు, వై ఏది పెట్టినా పదమే. వెనక ఎల్, ఎన్, ఎస్ పెట్టొచ్చు. కాగితం మీద వరుసను మధ్యలో రాసి, ఎడమవైపు ముందు వచ్చేవి, కుడివైపు వెనక వచ్చేవి రాసుకోండి. పదాలన్నీ పూర్తిగా రాయనక్కర్లేదు, అక్షరాలు చాలు.

క్యూ తర్వాత యు రాని పదాల జాబితా అందరూ అడుగుతారు కాబట్టి: క్యూ-ఐ, క్యూ-ఎ-టి, ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్, ఎన్-ఐ-క్యూ-ఎ-బి, బి-యు-ఆర్-క్యూ-ఎ, టి-ఆర్-ఎ-ఎన్-క్యూ, క్యూ-ఎ-ఎన్-ఎ-టి, క్యూ-డబ్ల్యు-ఇ-ఆర్-టి-వై. ఇంకా ఉన్నాయి, కానీ మొదటి రెండు నేర్చుకుంటే చాలా ఆటలు గట్టెక్కుతాయి. చివరిదాకా క్యూ చేతిలో మిగిలిపోవడం అనే గండం దాటిస్తాయి.

8. వచ్చిందో లేదో సరిచూసుకోండి

టైమర్‌లో మూడు నిమిషాలు పెట్టండి. కాగితం మీద వరుస రాసి, గుర్తున్న పదాలన్నీ రాయండి. టైము అయ్యాక అసలు జాబితా పక్కన పెట్టి రెండు రంగుల్లో దిద్దండి: వదిలేసినవి ఒక రంగు, లేనిపోనివి రాసినవి ఇంకో రంగు. రెండో రంగే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. వదిలేసిన పదంతో ఒక అవకాశం పోతుంది. లేని పదం వేస్తే స్క్రాబుల్‌లో ఎదుటివాళ్లు ఛాలెంజ్ చేసి టర్నే పోగొడతారు.

మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి మళ్లీ రాయండి. ప్రతిసారీ వదిలేసిన వాటినే విడిగా ఒక చిన్న కాగితం మీదకు తెచ్చుకోండి. వారం తర్వాత నూటికి తొంభై వస్తే ఆ వరుస అయిపోయినట్టే, కొత్తది తీసుకోండి. మూడుసార్లు రాసినా రాని పదం ఉంటే దాన్ని వదిలేయండి. అదే వరుసకు ఇంకో పదం ఉండనే ఉంది.

తరచూ జరిగే తప్పులు

*చెవితో వెతకడం.* ఐ-జి-హెచ్-టి అడిగితే కైట్, వైట్, పొలైట్ రాస్తారు, అవి ఐ-టి-ఇ. అదే ధోరణిలో ఫ్రెయిట్, వెయిట్, హైట్ వదిలేస్తారు, వాటిలో ఐ-జి-హెచ్-టి ఉంది. పలకని అక్షరాల దగ్గర ఇది మరీ ఎక్కువ. బి-టి అడిగితే అబ్టైన్ వస్తుంది, డెట్, డౌట్, సటిల్ రావు. ఎమ్-ఎన్ అడిగితే జిమ్నాస్ట్ వస్తుంది, ఆటమ్, కాలమ్ రావు. రాసిన ప్రతి పదంలో వరుస కింద గీత గీయండి. గీత గీయలేకపోతే పదం తప్పు.

*చివరే చూడటం.* ఐ-జి-హెచ్-టి మధ్యలోనూ ఉంటుంది: లైట్‌నింగ్, ఫ్రైటెన్, రైటియస్, టైట్‌రోప్, ఎయిటీన్, ఆల్‌మైటీ.

*అన్నిటికీ ఎస్, యు-ఎన్, ఆర్-ఇ తగిలించడం.* బడిలో నేర్చుకున్న గ్రామర్ ఇక్కడ తీర్పు చెప్పదు. బహువచనం ఉండదనుకున్న మాటకు జాబితాలో ఉండొచ్చు, ఉండాల్సిందే అనుకున్న రూపం లేకపోవచ్చు. అనుమానం వస్తే ఆట ఒప్పుకునే నిఘంటువులో చూడటమే. గూగుల్‌లో దొరికింది కాబట్టి చెల్లుతుందనుకోకండి.

*పేర్లు.* మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చాలా ఆటల్లో చెల్లవు. అయితే చైనా, టర్కీ, జపాన్ స్క్రాబుల్‌లో చెల్లుతాయి, పింగాణీకి, పక్షికి, నల్లని వార్నిష్‌కు అవి మామూలు మాటలు కాబట్టి.

*బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగ్ కలిపేయడం.* వర్డిల్ జవాబులు అమెరికన్ పద్ధతిలో ఉంటాయి. కలర్, ఫేవర్, హ్యూమర్ అక్కడ యు లేకుండా ఐదక్షరాలే. ఓ-యు-ఆర్ వరుసతో జాబితా రాసుకునేటప్పుడు, బ్రిటిష్ పద్ధతిలో మాత్రమే వచ్చేవాటి పక్కన ఒక చుక్క పెట్టుకోండి. కాలిన్స్‌తో ఆడేటప్పుడు రెండు స్పెల్లింగులూ చెల్లుతాయి కాబట్టి అక్కడ ఆ చుక్కను పట్టించుకోనక్కర్లేదు.